తెలిసిన లెక్కే, హాల్లో ఎందుకు రాదు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి బాధ ఒకటే: పరీక్ష భయం. కాకపోతే ఏ ఇద్దరి భయమూ ఒకేలా లేదు, అందుకే అందరికీ కలిపి ఒక సలహా ఇవ్వడం కుదరదు. ఎవరి ప్రశ్న వారికే విడిగా తీసుకున్నాం.

ప్రశ్న: మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఇంట్లో ఈఏపీసెట్ పాత పేపర్లు చేస్తే 160కి 120 దాకా వస్తాయి. కాలేజీలో గ్రాండ్ టెస్ట్ పెడితే 85 దాటదు. "చదివిందే అమ్మా, స్క్రీన్ చూడగానే అంతా బ్లాంక్ అయిపోయింది" అంటుంది. వాళ్ల నాన్నగారేమో సాకులంటారు. ఎవరి మాట నమ్మాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఒక సాయంత్రం ఖర్చుపెడితే మీరే తేల్చుకోవచ్చు. గ్రాండ్ టెస్ట్ రాసి ఇంటికొచ్చిన రోజున, కీ చూడకముందే, పాప వదిలేసినవీ తప్పు పెట్టానని అనుమానపడుతున్నవీ ఒక పాతిక ప్రశ్నలు ఏరి, టైమ్ పెట్టకుండా మళ్లీ చేయించండి. చాలావరకు రాకపోతే అది కంగారు కాదు, ఆ చాప్టర్లు రాలేదంతే. వచ్చాయి గానీ ఒక్కోదానికి మూడేసి నిమిషాలు పట్టాయంటే వేగం చాలడం లేదు. ఒకటి ఒకటిన్నర నిమిషంలో హాయిగా వచ్చేశాయంటే పాప చెప్పేదే నిజం, నాన్నగారు ఒక మెట్టు దిగాలి.

ఇంట్లో 120 వచ్చి అక్కడ 85 రావడం వింతేమీ కాదు. పరీక్ష భయాన్ని 1952లో యేల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మాండ్లర్, సేమూర్ సరాసన్ కొలవడం మొదలుపెట్టారు. 1967లో లీబర్ట్, మోరిస్ దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒకటి ఒంటిది: గుండెదడ, చెమట, కడుపులో తిప్పడం. రెండోది తలలోది: "ఇది పోయింది, అందరూ నాకంటే ముందున్నారు, నాన్నకేం చెప్పాలి" అనే రొద. మార్కులు తినేసేది ప్రధానంగా ఈ రెండోదేనని తర్వాతి పరిశోధనలు పదేపదే చూపించాయి. లెక్క చేసేటప్పుడు సూత్రం, విలువలు, మధ్యలో వచ్చిన జవాబు అన్నీ కాసేపు తలలో నిలవాలి. దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. అది రఫ్ షీటు లాంటిది, చాలా చిన్నది. దిగులు దాని మీద సగం మేర రాసేస్తే లెక్కకి చోటు మిగలదు.

మైకెల్ ఐసెంక్, కాల్వో 1992లో దీనికి ఇంకొక మెలిక చూపించారు. భయపడేవాళ్లు చాలాసార్లు సరైన జవాబుకే చేరతారు, కాకపోతే దానికి ఎక్కువ శ్రమ, ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి సమయం ధారాళంగా ఉన్నచోట తేడా పైకి కనిపించదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 67 సెకన్లు. అక్కడ బయటపడుతుంది. ఇంట్లో పేపర్ చేసేటప్పుడు మధ్యలో లేచి మంచినీళ్లు తాగొచ్చిందా, గడియారం ఆపిందా అనేది కూడా ఒకసారి కనుక్కోండి. చాలా ఇళ్లలో ఆ 120 అలా వచ్చిన 120యే.

ఇక చేయాల్సినవి. పేపర్‌ను మూడు విడతలుగా చేయడం అలవాటు చేయండి. మొదటి విడతలో చూడగానే దారి తెలిసినవే. 20 సెకన్లలో దారి తోచకపోతే 'మార్క్ ఫర్ రివ్యూ' నొక్కి ముందుకు పోవాలి. రెండో విడతలో దారి తెలిసి లెక్క పెద్దదైనవి. చివరి పది నిమిషాలు మిగిలినవాటికి. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకి ఒక మార్కు పోతుంది, అక్కడ ఈ చివరి సూత్రం పనికిరాదు. ఇలా విడతలుగా చేస్తే మొదటి అరగంటలో వరసగా సరైన జవాబులు పడతాయి. దిగులు రొద తగ్గేది దానితోనే. మొదటి ప్రశ్న దగ్గరే పంతం పట్టి ఆరు నిమిషాలు కూర్చున్న పిల్లలే ఎక్కువగా బ్లాంక్ అవుతారు.

ఊపిరి సంగతి: నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. రెండు మూడు నిమిషాలు చాలు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీయడం. దానివల్ల తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అది చూసి భయం రెట్టింపవుతుంది. వదలడం నిదానంగా ఉండాలి, పీల్చడం మామూలుగానే ఉండాలి. పరీక్ష రోజు పొద్దున కొత్తగా నేర్పితే పనిచేయదు. కనీసం మూడు వారాల ముందు నుంచి, రోజూ చదువు మొదలుపెట్టే ముందు చేయించండి.

పరీక్షకు ముందు పది నిమిషాలు భయాలన్నీ కాగితం మీద రాసేస్తే మార్కులు పెరుగుతాయని 2011లో ఒక ప్రసిద్ధ పరిశోధన వచ్చింది, మీరూ వినే ఉంటారు. 2018లో వేరే బృందం అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. రాస్తే నష్టం లేదు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఎంఏ సైకాలజీ చదువుతున్నాను. పర్సనాలిటీ థియరీల పేపర్‌లో ఫ్రాయిడ్ నుంచి బిగ్ ఫైవ్ దాకా అందరూ పరీక్ష భయాన్ని తలో రకంగా చెబుతున్నారు. ఏది కరెక్ట్? వ్యాసరూప ప్రశ్నకు ఎలా రాయాలి? – తిరుపతి

జవాబు: ఏది కరెక్ట్ అని మొదలుపెడితే జవాబు అక్కడే దారి తప్పుతుంది. వాళ్లు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు.

భయం ఎవరికి ఎక్కువ? ఇది మనిషిని స్థిరమైన లక్షణాలతో వివరించే లక్షణ సిద్ధాంతాల ప్రశ్న. హాన్స్ ఐసెంక్ చెప్పిన న్యూరోటిసిజం, తర్వాత కోస్టా, మెక్‌క్రే బిగ్ ఫైవ్‌లో (వ్యక్తిత్వాన్ని ఐదు ప్రధాన లక్షణాలుగా చూసే పద్ధతిలో) నిలబెట్టిన న్యూరోటిసిజం ఇక్కడికి వస్తాయి. ఇది ఎక్కువున్నవాళ్ల మనసు ప్రమాద సంకేతాలను త్వరగా పట్టుకుంటుంది, ఆలస్యంగా వదులుతుంది. భయం ఎప్పుడొస్తుంది? 1966లో స్పీల్‌బర్గర్ స్టేట్, ట్రెయిట్ అని విడదీశాడు. ట్రెయిట్ అంటే కంగారుపడే స్వభావం, స్టేట్ అంటే ఈ క్షణంలో ఉన్న కంగారు. పరీక్ష భయం ఒక ప్రత్యేక సందర్భానికి కట్టుబడిన ట్రెయిట్ అన్నాడు. 1980లో ఆయన తెచ్చిన ప్రశ్నావళిలో 20 వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 4, కాబట్టి స్కోరు 20కీ 80కీ మధ్య ఉంటుంది. ప్రవర్తన సందర్భాన్ని బట్టి మారుతుందని వాల్టర్ మిషెల్ 1968లో లేవదీసిన వాదన కూడా ఇక్కడ కలపండి: వేదికెక్కి ధారాళంగా మాట్లాడే కుర్రాడు వైవాలో నీళ్లు నములుతాడు. 'భయస్తుడు' అనే ముద్ర వేసేస్తే ఈ తేడా అర్థం కాదు.

లోపల ఏం జరుగుతుంది? బండూరా 1977లో చెప్పిన సెల్ఫ్ ఎఫికసీ, అంటే "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం. దానికి నాలుగు ఊటలు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాడు చేయడం చూడటం, నమ్మదగినవాళ్ల మాట, మన ఒంటి సంకేతాలను మనం చదువుకునే తీరు. మొదటిదే బలమైనది. జార్జ్ కెల్లీ 1955లో చెప్పింది విద్యార్థులు తరచూ వదిలేస్తారు, అది చాలా పదునైన మాట. జరగబోయేది మన అవగాహనకు అందని చోట ఉందని తెలిసినప్పుడు కలిగేదే ఆందోళన అన్నాడాయన. పేపర్ ప్యాటర్న్ మారిందనగానే బాగా చదివినవాళ్లు కూడా ఎందుకు ఉలిక్కిపడతారో దీనితో తేలిపోతుంది.

ఇక మార్కులు పోతే ప్రాణం పోయినంత ఎందుకనిపిస్తుంది అనే ప్రశ్న ఫ్రాయిడ్, హార్నై, రోజర్స్‌లది. ఫ్రాయిడ్ 1926లో ఆందోళనను రాబోయే ముప్పుకి అహం ఇచ్చే సంకేతంగా చెప్పాడు. కారెన్ హార్నై 'తప్పక ఇలా ఉండాలి' అనే లోపలి నియంతృత్వం గురించి రాసింది. రోజర్స్ ప్రకారం, మార్కులు వచ్చినప్పుడే ప్రేమ దొరికిన బిడ్డ తన విలువకు మార్కుల షరతు పెట్టుకుంటాడు.

రాసేటప్పుడు ఒకే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుని ఈ నాలుగు ప్రశ్నల గుండా నడిపించండి. పేజీకొక పేరు చొప్పున పేర్చుకుంటూ పోయే జవాబుకంటే ఇది బాగా నిలుస్తుంది. రెండు తప్పులు జాగ్రత్త: అంతర్ముఖులంతా పరీక్షకు భయపడతారని రాయొద్దు, హాన్స్ ఐసెంక్ దృష్టిలో అంతర్ముఖత్వం వేరు, న్యూరోటిసిజం వేరు. ఒత్తిడి మితంగా ఉంటేనే పని బాగా సాగుతుందని చెప్పడానికి వాడే 1908 నాటి యర్క్స్–డాడ్సన్ నియమం ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. అది వ్యక్తిత్వ సిద్ధాంతం కాదు.

మా మొగ్గు అడిగితే, వివరించడానికి స్పీల్‌బర్గర్, బాగుచేయడానికి బండూరా.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నా. మొదట్లో బాగానే చదువుతా. పరీక్ష ఇంక నెల ఉందనగా ఏదో ఒకటి మీదేసుకుంటా. ఫ్రెండ్ పెళ్లి పనులు, రాత్రి రెండింటిదాకా ఫోను. డబ్బు కట్టిన మాక్ టెస్టులు రాయకుండా వదిలేశా. ఇంట్లో బద్ధకమంటారు. నాకేమో పుస్తకం తెరిస్తే కడుపులో తిప్పుతుంది. – హైదరాబాద్

జవాబు: బద్ధకస్తుడికి కడుపులో తిప్పదు. మీరు చేస్తున్నదానికి సెల్ఫ్ హ్యాండీక్యాపింగ్ అని పేరు. 1978లో బెర్గ్లాస్, జోన్స్ ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, తర్వాత "మీరు బ్రహ్మాండంగా చేశారు" అన్నారు. ఎలా చేశామో వాళ్లకే తెలియదు, మళ్లీ చేయగలమన్న ధీమా లేదు. రెండో పరీక్షకు ముందు రెండు మందులు చూపించి ఒకటి ఎంచుకోమన్నారు: ఒకటి తెలివిని చురుకు చేసేది, ఒకటి మందగింపజేసేది. ఆ మగపిల్లల్లో చాలామంది మందగింపజేసేదే కోరుకున్నారు. ఓడిపోతే నెపం మందు మీదికి పోతుంది కదా. ఆడ్లర్ అంతకు దశాబ్దాల ముందే ఈ సంగతి పట్టుకున్నాడు: తన గౌరవం దెబ్బతినకుండా మనిషి ముందే ఒక అడ్డు కట్టుకుంటాడని.

మీ విషయంలో ఆ అడ్డు కాపాడుతున్నది ఒకే ఒక్క వాక్యాన్ని: "నిజంగా చదివుంటే కొట్టేసేవాణ్ని." మాక్ టెస్ట్ ఆ వాక్యాన్ని పరీక్షకు పెడుతుంది. డబ్బు కట్టి కూడా రాయనిది అందుకే.

ఇంకొక మాట. 2022 డిసెంబర్‌లో వచ్చిన తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్‌కు పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్‌లో జరిగింది. ఇలాంటి చోట "నా చేతుల్లో ఏముంది" అనిపించడం లోపం కాదు. ఫలితం మన చేతిలో ఉందా, బయటి శక్తుల చేతిలో ఉందా అనే నమ్మకాన్ని రోటర్ 1966లో కొలిచాడు. రెండోది ఎక్కువున్నవాళ్లు ప్రయత్నం తగ్గించేస్తారు. మీరు ఒక కాగితం మధ్యలో గీత గీసి, తేదీ, కటాఫ్, కోర్టు కేసులు ఒకవైపు, రోజుకు చేసే బిట్లు, రివిజన్, నిద్ర ఇంకోవైపు రాసుకోండి. మొదటి వైపు సంగతులు టీ కొట్టు దగ్గర రోజుకు పావుగంటకు మించి చర్చించొద్దు. అశోక్‌నగర్‌లో ఇది కష్టమేనని తెలుసు.

మాక్ టెస్టులకు నిచ్చెన వేసుకోవాలి. అసలు పరీక్షలో పేపర్‌కు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. ఆ నిమిషం లెక్క మార్చకుండా మొదటి వారం 30 ప్రశ్నలు 30 నిమిషాల్లో, రోజు విడిచి రోజు. రెండో వారం 50. మూడో వారం 100. నాలుగో వారం నుంచి నిండు పేపర్, ఓఎంఆర్ షీటు మీద, పరీక్ష జరిగే వేళకే. ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు పెట్టండి: ఖాయం, అనుమానం, గుడ్డి దెబ్బ. కీ చూసేటప్పుడు మొత్తం మార్కులు కాదు, 'ఖాయం' అన్నవాటిలో ఎన్ని తప్పాయో చూడండి. రివిజన్ చేయాల్సింది అక్కడే. స్కోరు ఎవరికీ చెప్పొద్దు, రూమ్మేట్‌కు కూడా.

ఇది చెడిపోయేది ఒకే చోట. పన్నెండో ప్రశ్న దగ్గర కడుపులో తిప్పగానే పేపర్ మూసేస్తారు. మూయగానే హాయిగా ఉంటుంది. ఆ హాయి "మూసేయడమే మందు" అని ఒంటికి నేర్పుతుంది, మరుసటి రోజు తొమ్మిదో ప్రశ్న దగ్గరే మూయిస్తుంది. కాబట్టి జవాబులు రాకపోయినా 30 నిమిషాలూ కుర్చీలోనే ఉండాలి. కడుపులో తిప్పడం దానంతటదే దిగడం ఒకట్రెండు సార్లు చూస్తే పట్టు సడలుతుంది. పెళ్లికి ముహూర్తం వేళకు వెళ్లి అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చేయండి. పనులు ఇంకెవరైనా చూసుకుంటారు.

ప్రశ్న: పెద్దమ్మాయి పరీక్షంటే ఖాతరు చేయదు, చిన్నదానికి పరీక్ష ముందురోజు జ్వరం వస్తుంది. మా ఆవిడా చిన్నప్పుడు అంతేనట. వంశపారంపర్యమా? ఇద్దర్నీ ఒకేలా పెంచాం. – గుంటూరు

జవాబు: కొంతవరకు అవును. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం న్యూరోటిసిజంలో మనుషుల మధ్య ఉండే తేడాల్లో సుమారు 40 శాతం జన్యువుల వల్ల. అంటే మీ పాప భయంలో 40 శాతం వాళ్లమ్మది అని కాదు. సున్నితంగా స్పందించే నరాలు రావచ్చు, 'పరీక్ష' అనే భయం మాత్రం నేర్చుకున్నదే.

ఒకేలా పెంచాం అంటారు అందరూ. చిన్నదాన్ని ఏమని మెచ్చుకుంటారు? "అది జీనియస్సండీ, ఒక్కసారి చదివితే చాలు" అనా? మ్యుల్లర్, డ్వెక్ 1998 నాటి ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తర్వాత తేలిక ప్రశ్నలే ఎంచుకున్నారు, ఒకసారి తప్పాక ఇంకా దిగజారారు, మార్కులు పెంచి చెప్పుకున్నవాళ్లూ ఆ గుంపులోనే ఎక్కువ. దీని చుట్టూ అల్లిన, తెలివి పెంచుకోగలిగేదేనని నేర్పే 'మైండ్‌సెట్' తరగతుల వల్ల మార్కుల్లో వచ్చే తేడా చిన్నదేనని తర్వాత తేలింది, కాబట్టి వాటికి వేలు పోయొద్దు. పొగిడే తీరు మార్చుకోవడానికి మాత్రం ఖర్చేమీ లేదు: "ఆ డయాగ్రమ్ మూడుసార్లు వేసి చూసుకున్నావు, బాగా కుదిరింది" అని చేసిన పని పేరు పెట్టి చెప్పండి.

పరీక్ష రాసి వచ్చిన పిల్లను గుమ్మంలో నిలబెట్టి "ఎన్నొస్తాయి?" అని అడగొద్దు. "కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను" అంటే చాలు. మర్నాటి పేపర్ ఉన్నప్పుడు కీ సరిచూడటం అసలే వద్దు. జ్వరం మాత్రం థర్మామీటర్‌తో చూడండి. నిజంగా వేడి ఉంటే డాక్టర్‌కు చూపించాలి, భయం అని కొట్టిపారేయకూడదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. ఇప్పటికీ లెక్కల పరీక్షకు ఆలస్యంగా వెళ్లినట్టు కలొస్తుంది. డిగ్రీలో లెక్కల్లో ఫస్ట్ క్లాస్ నాకు. – విశాఖపట్నం

జవాబు: అందుకే వస్తోందంటాడు ఫ్రాయిడ్. ఇలాంటి కలలు పాసైన పరీక్షల గురించే వస్తాయని రాశాడు. తాను తప్పిన ఫోరెన్సిక్ మెడిసిన్ ఎప్పుడూ కలలోకి రాలేదట, గట్టెక్కిన బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ వచ్చేవట. మర్నాడు ఏదో బాధ్యత ఉన్నప్పుడు "అప్పుడూ ఇలాగే భయపడ్డావు, ఏమైంది?" అని మనసు చెప్పుకునే ఓదార్పు అని ఆయన వివరణ. రుజువు చేయడం కష్టం, వినడానికి మాత్రం బాగుంది. ఆడిట్ దగ్గరపడ్డప్పుడు వస్తోందేమో గమనించండి.

ప్రశ్న: పరీక్షకు ముందు గుండెదడ తగ్గే మాత్ర వేసుకుంటే బాగుంటుందని సీనియర్ ఇచ్చాడు. ప్రొప్రనొలాల్ 20. వేసుకోవచ్చా? – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: డాక్టర్ రాయకుండా వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదకరం. గుండె వేగం, బీపీ తగ్గిస్తుంది కాబట్టి కొందరికి కళ్లు తిరుగుతాయి. మొదటి ప్రశ్నకు జవాబులో చెప్పిన రెండు ముక్కలు గుర్తుతెచ్చుకోండి: ఈ మాత్ర పనిచేసేది ఒంటి ముక్క మీద, మార్కులు తినేది తలలోని ముక్క. దడ తగ్గి, రొద అలాగే ఉండొచ్చు.

వారాల తరబడి నిద్ర లేకపోవడం, వాంతులు, పరీక్షలకే వెళ్లకపోవడం ఉంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. "బతికి ఏం లాభం" లాంటి మాట ఎవరి నోటైనా వస్తే ఫలితాల దాకా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ప్రశ్న: జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో 60 మంది. ఒక్కొక్కరికీ కౌన్సెలింగ్ చేసే తీరిక లేదు. టీచర్ స్థాయిలో ఏం చేయొచ్చు? – నల్గొండ

జవాబు: ముందు మానాల్సినవి. ర్యాంకుల జాబితా నోటీసు బోర్డుకు అంటించడం, మార్కులు పైకి చదవడం. "ఇది పోతే మీ జీవితం ఇంతే" తరహా హెచ్చరికలు: టీచర్ల ఈ బెదిరింపు మాటలు పిల్లలకు ఎంతగా భయం పుట్టిస్తే పరీక్ష ఆందోళన అంత ఎక్కువగా ఉంటోందని ఇంగ్లండ్ బడుల్లో పుట్‌వైన్ బృందం గమనించింది. ధీమాగా ఉన్న పిల్లవాడికి ఆ మాట పట్టదు, పట్టేది ముందే వణికేవాడికే.

చేయాల్సింది వారానికి ఒకసారి, పది బిట్లు, పన్నెండు నిమిషాలు, మార్కులు రిజిస్టర్‌లోకి ఎక్కని పరీక్ష. చదివిందే మళ్లీ చదవడం కంటే గుర్తుతెచ్చుకుని రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే చూపించారు. కాబట్టి ఇది సిలబస్‌కు నష్టం కాదు. పేపర్లు పిల్లలే దిద్దుకోవాలి, పక్కవాడితో మార్పించొద్దు. పెద్ద పరీక్షకు వారం ముందు ఏ యూనిట్ నుంచి ఎన్ని, ఎంత సమయం, ఛాయిస్ ఎక్కడ అనేది బోర్డు మీద రాసేయండి. తెలియనిదే భయం అన్న కెల్లీ మాటకు ఇంతకంటే చవకైన విరుగుడు లేదు.

హాల్లో ఇన్విజిలేటర్లకు రెండు సంగతులు చెప్పండి. టైమ్ సగం అయినప్పుడు ఒకసారి, పది నిమిషాలుందనగా ఒకసారి చెప్పాలి. పదేపదే "టైమైపోతోంది, త్వరగా" అనకూడదు. తడబడుతున్న పిల్లవాడి వెనక నిలబడి పేపర్‌లోకి తొంగిచూడకూడదు.